లోపలి కోడలు

ఆ ఇంట్లో కొడుకు ఒక్కడే అయినా కోడళ్ళు ఇద్దరు. పెద్దకోడలు పొద్దున్నే వంటింట్లో పాడుకుంటూ కూరగాయలు కడుగుతుంది. చిన్నకోడలు అత్తగారి పొట్టలో, కుడివైపున, బొడ్డుకు కాస్త కిందగా సర్దుకుని, చప్పుడు చేయకుండా తన పని తాను చేసుకుపోతుంది.

కోడలు తన కిడ్నీల్లో ఒకటి ఇస్తే, దానికి ఆ పేరు పెట్టింది అత్తగారే. ఆపరేషనయ్యాక తెలివి రాగానే నర్సుతో అన్న మొదటి మాట అది: "ఒక కోడలితోనే వేగలేకపోతుంటే రెండోదాన్ని తెచ్చి లోపలే పెట్టారా తల్లీ!" పక్క గదిలో ఉన్న కోడలికి ఆ మాట చేరింది. కుట్లు పట్టుకుని నవ్వి, నవ్వినందుకు నొప్పెట్టి ఏడ్చి, మళ్ళీ నవ్విందట. అప్పటినుంచి ఇంట్లో ఆ పేరే ఖాయమైపోయింది. మాత్రలు వేసుకునే వేళకు గడియారం మోగగానే వంటింట్లోంచి కేక వస్తుంది: "అత్తయ్యా, చిన్నకోడలు ఆకలంటోంది!"

"మీ ఇద్దరికీ ఎప్పుడూ తిండి గోలే," అంటూ అత్తగారు మాత్రలు మింగుతుంది.

ఆ మాత్రలెందుకని ఎవరైనా అడిగితే ఆమె తనకు తోచినట్టు చెప్పేది. "ఇంటికి కొత్తమనిషి వచ్చింది. మన కుక్కకు ఆ సంగతి తెలియదు, చూస్తే మీదపడి కరుస్తుంది. అందుకని కుక్కను కట్టేశాం. కుక్కను కట్టేశామని దొంగలకు తెలిసిపోయింది. అదీ సంగతి." కుక్కంటే ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి, దొంగలంటే జలుబులూ జ్వరాలూ. ఇతరులకు రెండు తుమ్ములతో పోయేది ఆమెను ఆస్పత్రి మంచం ఎక్కిస్తుంది. ఒకసారి ఎక్కించింది కూడా. ఆపరేషనైన ఏడాదే కోడలికి జ్వరం వస్తే, ఎవరెంత చెప్పినా వినకుండా తలదగ్గర కూర్చుని, నుదుటిమీద తడిగుడ్డ మార్చింది. ఆ తర్వాత కోడలు లేచి తిరుగుతుంటే, ఈమె సెలైన్ సీసా కింద పడుకుంది. చిన్నకోడలు దక్కుతుందో లేదో చెప్పలేమని డాక్టరు అన్న రోజు, బయట వరండాలో కోడలి ముఖం ఎలా ఉందో ఆమె చూడలేదు. కొడుకు చూశాడు.

అత్తగారిది దర్జీ పని. ముందుగదిలో కుట్టుమిషను, నిలువుటద్దం, ఇస్త్రీ బల్ల. ఆపరేషనయ్యాక పని మానేస్తుందనుకున్నారు గానీ, మానలేదు. పద్ధతి మార్చుకుంది. సరిచేయమని ఎవరు ఏ బట్ట తెచ్చినా కోడలు దాన్ని వేణ్నీళ్ళలో ఉతికి, ఎండేసి, ఇస్త్రీ చేశాకే మిషను దగ్గరికి చేరుతుంది. సూది గుచ్చుకోకుండా వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకునే తీరాలి. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళను ఆమె ముట్టుకోదు. గుమ్మానికి ఇవతల మూతిగుడ్డ కట్టుకుని నిలబడుతుంది. అవతల కోడలు టేపు పట్టి కొలతలు తీస్తుంది.

"నడుం ముప్ఫై రెండు," అంటుంది కోడలు.

"ఊపిరి బిగబట్టింది. ముప్ఫై మూడు రాయి," అంటుంది అత్తగారు. వచ్చినావిడ సిగ్గుపడి ఊపిరి వదిలేస్తుంది. టేపు ముప్ఫై మూడు చూపిస్తుంది.

దగ్గరికి వెళ్ళడం పోయాక ఆమె కళ్ళు ఇంకా పదునెక్కాయి. భుజం ఏ పక్కకి వాలింది, నడుం ఏ నొప్పిని దాచుకుంటోంది, బట్ట చెబుతుంది. మనిషి నోటితో దాచినవి మెడ దగ్గరి మడతలు దాచలేవు.

ఆ ఉదయం పాట వినిపించలేదు.

గడియారం మోగింది. వంటింట్లోంచి కేక రాలేదు. అత్తగారు కాసేపు ఎదురుచూసి, తనంతట తానే మాత్రలు మింగి, మిషను ముందు కూర్చుంది. చిన్న అంచు కుట్టు ఒకటి మిగిలింది. తొడుగు ఎక్కడో కనబడలేదు. అరనిమిషం పనే కదా అని ఉత్త వేలితో సూది అందుకుంది.

"మళ్ళీ మొదలెట్టారా?"

నడవా చివర కోడలు నిలబడి ఉంది. అప్పుడే ముఖం కడుక్కున్నట్టు తువ్వాలు ముక్కుకూ నోటికీ అదిమిపెట్టుకుని ఉంది. పైన కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"ఒక్క కుట్టు, అమ్మాయ్. నువ్వు అరవకు, సూది నిజంగానే గుచ్చుకుంటుంది."

"ఎన్నిసార్లు చెప్పాలి? చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది. కడగని పండు తింటారు. మొన్న ఎవరో గులాబీ మొక్క ఇస్తే మట్టిలో చేతులు పెట్టేశారు. చేతులు కడుక్కోమంటే నన్నే ఎగాదిగా చూస్తారు. నేనేమన్నా మీకు కాపలా మనిషినా?"

"కాపలా ఉండమని నేనడిగానా?"

"అడగలేదు. నేనే ఇచ్చాను. నా ఒళ్ళు కోయించుకుని ఇచ్చాను. మీరిలా పాడుచేసుకుంటారని తెలిస్తే ఇచ్చేదాన్నే కాదు!"

గదిలో ఏదో ఆగిపోయినట్టయింది. కుట్టుమిషను అప్పటికే ఆగి ఉంది. అయినా అలాగే అనిపించింది.

ఈ మాట కోసం తాను ఇన్నాళ్ళుగా ఎదురుచూస్తోందని అత్తగారికి అప్పుడే తెలిసింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు మొదలు, కోడలు విసుక్కున్నప్పుడల్లా, గిన్నె కాస్త గట్టిగా పెట్టినప్పుడల్లా, ఆ చప్పుడు వెనకాల ఈ మాట ఉందేమోనని చెవి వొగ్గి విన్నది. అందుకే ఆపరేషనయ్యాక కోడలితో ఒక్కసారి కూడా మనసారా పోట్లాడలేదు. నోటిదాకా వచ్చిన తిట్లన్నీ మింగేసింది. ఒంట్లో ఒకరి ప్రాణం పెట్టుకుని ఆ మనిషినే తిట్టడానికి నోరెలా వస్తుంది? పాత అత్తగారు ఆపరేషను బల్లమీదే పోయింది. తిరిగొచ్చింది ఎప్పుడూ నవ్వుతూ ఉండే వేరే ఎవరో.

ఇప్పుడు మాత్రం ఆ పాత మనిషి లేచి నిలబడింది.

"ఓహో. ఇన్నాళ్ళకు బయటపడింది. బాగా చెప్పావమ్మా. తీసుకోవడానికి వీలుంటే ఇప్పుడే తీసేసుకో. కత్తెర ఇక్కడే ఉంది."

"నాకు కాస్త ఊపిరాడనివ్వండి చాలు. నాలుగు రోజులు నా గదికి రాకండి. నేనూ మీ గదికి రాను. వంట మీ అబ్బాయి చేస్తాడు."

"నువ్వు పిలిచినా రాను. నీ గడప తొక్కితే నన్నడుగు!"

కోడలి తువ్వాలు పైన ఉన్న కళ్ళల్లో బరువు దించుకున్న మనిషికుండే తేలికదనం లాంటిది కనబడింది. తర్వాత వెనక్కి తిరిగి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు ఈ గదిదాకా వినిపించింది.

'ఆ మాట అన్నాక ఎంత సుఖపడిందో,' అనుకుంది అత్తగారు. ఆమె చెయ్యి తెలియకుండానే పొట్ట కుడివైపుకు వెళ్ళింది. 'నువ్వూ అలాగే అనుకుంటున్నావా ఏం?' అని చిన్నకోడలిని అడిగింది.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య పైకీ కిందకీ తిరగడం తనకు ఇంట్లోనే అలవాటైందని, అందుకే ఆ ఉద్యోగం దొరికిందని చెబుతుంటాడు. ఆ రోజు అతను పెందలాడే ఇంటికొచ్చి, మూతిగుడ్డ తీయకుండానే వంటింట్లో దూరాడు.

"ఇంట్లో కూడా ఏమిట్రా ఆ ముసుగు?"

"లిఫ్టు గుంటలో దుమ్మమ్మా. గొంతులోకి పోయింది. నీకెందుకు తగలనివ్వాలని."

"నీ పెళ్ళానికి వేరు కాపురం కావాలేమో కనుక్కో."

కొడుకు ఉల్లిపాయ కోస్తున్నవాడు ఆగాడు. ఏదో చెప్పబోయి, మళ్ళీ కోయసాగాడు. "నాలుగు రోజులే కదమ్మా. చల్లారనీ."

"నువ్వూ ఆ పార్టీయేనా?"

"నాకు పార్టీ ఎక్కడిదమ్మా? నేను మధ్య అంతస్తు మనిషిని. ఇదిగో, జ్వరం చూసుకో." థర్మామీటరు చాచిన చేత్తో బల్లమీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"మధ్యాహ్నం ఫోన్ చేసి మరీ చూసుకోమన్నావు కదరా. చూసుకున్నాను. మీ అందరి మీదా కోపం తప్ప వేరే వేడి ఏమీ లేదు."

"అయినా ఇంకోసారి."

కోడలి కంచం కొడుకు వేరుగా ఉంచి, మరిగే నీళ్ళు పోసి కడుగుతుంటే అత్తగారు చూసింది. తన గిన్నెలతో కలవడం కూడా ఇష్టం లేదన్నమాట! మంచం మీద వాలి మొన్నటి సంగతి తవ్వుకుంది. గౌను కుట్టించుకోవడానికి ఒక చంటిపిల్ల తల్లి వచ్చింది. పిల్ల బొద్దుగా, ముద్దుగా, ముక్కు కారుస్తూ ఉంది. గుమ్మం ఇవతల నుంచే చేతులు చాచితే, పిల్ల నవ్వి ఇటు వొంగింది. అంతలో కోడలు మధ్యలో దూరి, లాక్కున్నట్టే తీసుకుంది. "నేనెత్తుకుంటా," అంది. కొలతలు చూసినంతసేపూ పిల్లను భుజాన వేసుకునే తిరిగింది. పిల్ల ఆ భుజం మీదే ముక్కు తుడుచుకుంది, చెంపకు చెంప ఆనించి నిద్రపోయింది. ఆ కాసేపు ముద్దు కూడా తనకు దక్కనివ్వలేదని అప్పుడు మనసు చివుక్కుమంది. ఇప్పుడు ఆ చివుక్కు కూడా పోట్లాటలో కలిసింది. మనిషి మీద ఒక్క కోపం వచ్చిందంటే పాతవన్నీ చుట్టాల్లా వెతుక్కుంటూ వస్తాయి.

మరునాడు పొద్దున్న ముందుగదిలో పని సాగలేదు. కొలతలు తీసేవాళ్ళు లేక, వచ్చిన ఒకావిడను తిప్పి పంపేసింది. వెనక కిటికీ దగ్గర నిలబడి పెరట్లోకి చూసింది.

కోడలు దుప్పట్లు ఆరేస్తోంది. పెరట్లో ఒక్కతే ఉంది. మనిషన్నవాడు చుట్టుపక్కల లేడు. అయినా ముక్కు మీదుగా మూతిగుడ్డ బిగించి కట్టుకుని ఉంది.

అత్తగారి చూపు అక్కడే ఆగిపోయింది. తన పెరట్లో తాను ఒంటరిగా ఉన్న మనిషికి మూతిగుడ్డ ఎందుకు?

అప్పుడు కోడలిగా కాక, కొలతకు వచ్చిన మనిషిగా చూసింది. తాను కుట్టిన గౌనే అది. భుజాల దగ్గర వదులైంది. చెయ్యి తీగదాకా లేవలేక సగంలో ఆగింది. కోడలు తీగ పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడింది. వీపు ఎగిరెగిరి పడింది. చప్పుడు బయటికి రాకుండా దగ్గుతున్న మనిషి వీపు అలా ఉంటుంది. ఆ తర్వాత రెండు చేతులతో తన్ను తానే చుట్టుకుంది. ఎండలో నిలబడి వణుకుతోంది.

"ఒరేయ్!"

కొడుకు వంటింట్లోంచి గరిటెతో వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగాడు.

"దానికి జ్వరమా?"

"ఎవరికమ్మా?"

"లిఫ్టు తలుపులా నోరు మూసుకోకు. చెప్పు!"

కొడుకు గరిటె చూసుకుంటూ నిలబడ్డాడు. "మొన్న రాత్రి నుంచి. ఫ్లూ అన్నారు. నీకు ఆపరేషను చేసిన ఆస్పత్రికి తనే ఫోన్ చేసింది. నిన్ను దూరంగా ఉంచమన్నారు. నాకు తగిలిందో లేదో తెలియదు కాబట్టి నన్నూ దూరంగానే ఉండమన్నారు. నీకు ఒళ్ళు వేడెక్కితే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నారు."

"ఆ ముక్క నాతో చెప్పడానికేం? పోట్లాట దేనికి?"

"చెబితే ఏం చేసేదానివమ్మా?"

అత్తగారి చూపు వెనక గది వైపు మళ్ళింది.

"క్రితంసారి ఏం చేశావో గుర్తుందా?" కొడుకు గరిటె కిందికి దించాడు. "జ్వరమని తెలిస్తే ఆవిడను తాళ్ళతో కట్టినా ఆపలేం, కోపం వస్తే మాత్రం తానే ఆగిపోతుంది, కోపం తెప్పించడం నాకొదిలెయ్యి అంది నీ కోడలు. తలుపేసుకుని గంటసేపు ఏడ్చింది. నేను లోపలికెళ్ళబోతే నన్నూ తిట్టింది."

అత్తగారి కాళ్ళు వాటంతటవే నడిచాయి. నడవా దాటి, వెనక గది తలుపు దగ్గరికి వెళ్ళింది. పెరటి గుమ్మంలోంచి కోడలు అప్పటికే లోపలికి వచ్చి పడుకుంది. మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. అత్తగారి చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది. లోపల దగ్గు తెర, దాని వెనకే మూలుగు. ఆమె వేళ్ళకు తడిగుడ్డ చల్లదనం గుర్తొచ్చింది. తోస్తే తెరుచుకుంటుంది, ఈసారి గడియ వేయలేదు.

"ఎవరు?" అంది కోడలు. వెంటనే గొంతు గట్టి చేసుకుంది. "మీరేనా? రావద్దన్నానా! మీ ముఖం చూడాలని లేదు నాకు!"

చివరి మాట దగ్గులో కొట్టుకుపోయింది.

తోయడం ఎంత తేలికో అత్తగారికి తెలుసు. తోసేస్తే తన మనసు చల్లబడుతుంది. లోపలున్న మనిషి ఎందుకోసం అంతలా గొంతు చించుకుందో అదంతా నేలపాలవుతుంది. క్రితంసారి తలదగ్గర కూర్చున్నది కోడలి కోసమా, తన అప్పు తీరిందని తనకు తాను చెప్పుకోవడానికా? ఆ ప్రశ్న ఆమె ఇదివరకు ఎప్పుడూ వేసుకోలేదు. ఇప్పుడు తలుపు మీద చెయ్యి ఉండగా వేసుకుంది. వచ్చిన జవాబు తనకే అంత గొప్పగా అనిపించలేదు.

చెయ్యి తీసేసింది. మూడడుగులు వెనక్కి వేసింది. మూతిగుడ్డ కట్టుకుంది.

"నటన చాల్లే అమ్మాయ్. అబ్బాయి అంతా కక్కేశాడు."

లోపల మంచం కిర్రుమంది. తర్వాత నీరసంగా: "ఆయన నోట్లో నువ్వుగింజ నానదు."

"నా కొడుకునేమీ అనకు. గరిటె చూపించి చెప్పించాను."

"గరిటె ఆయన చేతిలోనే ఉండుంటుంది." చిన్న నవ్వు, దాని వెనక దగ్గు. "అత్తయ్యా, తలుపు దగ్గరున్నారా?"

"లేను. నడవాలో ఉన్నాను."

"నడవాలో కూడా వద్దు. పెరట్లోకెళ్ళండి. కిటికీ అద్దం మూసే ఉంది. అక్కడ కనబడతాను."

అత్తగారు మారుమాట లేకుండా వెళ్ళింది. కొడుకు కుర్చీ తెచ్చి కిటికీకి ఎదురుగా వేసి తప్పుకున్నాడు. అద్దం వెనక కోడలు దిండుకు చేరగిలబడి కూర్చుంది. పెళ్ళికి ముందు ఆమె రైల్వే స్టేషనులో టికెట్ల కౌంటరులో పనిచేసేది. అద్దం వెనక ఆ ముఖం చూస్తే అత్తగారికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఏమమ్మా, ఒక టికెట్టు ఇస్తావా?" అంది గట్టిగా.

"ఎక్కడికండీ?"

"నీ గదికి."

"ఆ బండి ఆలస్యంగా నడుస్తోందండీ. వేచి ఉండండి."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు తగ్గాక కోడలు కళ్ళు దించుకుంది. "ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది. ఇచ్చేదాన్ని కాదని... అన్నాక నాకే నా నోరు కడుక్కోవాలనిపించింది."

"అనకపోతే సాయంత్రానికి నేనే వచ్చేసేదాన్ని. మిగతా మాటలకైతే నా కోపం పూట దాటదు. నీకది తెలుసు. సరిగ్గా కొలిచి, ఎక్కడ కోస్తే తెగుతుందో అక్కడే కోశావు." అత్తగారు చీర కొంగు సర్దుకుంది. అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఇవాళ అడగకపోతే ఇక ఎప్పటికీ అడగలేననిపించింది. "నిజం చెప్పు. ఎప్పుడూ అనుకోలేదా అలా?"

కోడలు వెంటనే లేదనలేదు. అది అత్తగారికి నచ్చింది.

"ఒకసారి అనుకున్నాను."

"ఎప్పుడు?"

"ఆస్పత్రిలో. కుట్లు లాగుతుంటే టీవీ చూద్దామనుకున్నాను. మీరు వీల్‌చైర్‌లో నన్ను చూడ్డానికొచ్చి, నా రిమోటు లాక్కున్నారు. అప్పుడు గట్టిగానే అనుకున్నాను."

"ఆ రోజు వచ్చింది నా సీరియల్!"

"చూశారా, ఇప్పటికీ ఒప్పుకోరు!"

"ఒప్పుకోను. ఒప్పుకోనే ఒప్పుకోను. అసలు నువ్వు, మూర్ఖురాలా, ముక్కు కారే పిల్లను భుజాన వేసుకుని ఊరేగుతావా? నీకు మాత్రం ఒక్క కిడ్నీ కాదూ ఉన్నది? బుద్ధి ఉండక్కర్లేదూ?"

తిట్టాక గానీ ఆమెకు తెలియలేదు, తాను తిడుతోందని. ఎన్నాళ్ళ తర్వాతో వచ్చిన తిట్టు అది, ఎక్కడా ముడిపడకుండా, దారం జారినట్టు జారి వచ్చింది. అద్దం అవతల కోడలు వేళ్ళతో కళ్ళు తుడుచుకుంటోంది.

"ఎందుకే ఏడుపు?"

"ఎన్నాళ్ళయిందో అత్తయ్యా మీరిలా తిట్టి. ఇంట్లో ఎవరో చుట్టపావిడ ఉన్నట్టుండేది. ఎప్పుడు చూసినా నవ్వుతూ, 'నీ ఇష్టమమ్మా, నీ ఇష్టమమ్మా' అంటూ. నాకు భయమేసేది."

అత్తగారు పెరట్లో ఆరుతున్న దుప్పట్ల వంక చూసింది. అవి గాలికి నిండుగా ఉబ్బుతున్నాయి.

కొడుకు వేడి వేడి జావ కలిపి కోడలి గుమ్మం బయట బల్లమీద పెట్టి, తలుపు తట్టి వెనక్కి వచ్చేశాడు. కోడలు తీసుకుని మళ్ళీ కిటికీ దగ్గర కూర్చుంది. ఒక చెంచా నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించింది. "ఉప్పు మరిచిపోయారు."

"తినవే. వాడు వండటమే ఎక్కువ."

"మీరు జ్వరం చూసుకున్నారా?"

"చూసుకున్నాను. లేదు."

"చేతులు?"

"కడుక్కున్నాను."

అత్తగారు కొడుకు తెచ్చిచ్చిన కుట్టు సంచిలోంచి నిన్న ఆగిపోయిన అంచు కుట్టు తీసింది. కుర్చీ ఎండవైపు జరుపుకుంది. ఆ నాలుగు రోజులూ ఇక్కడే కూర్చుని కుట్టాలని అప్పుడే నిశ్చయించుకుంది. అద్దం అవతల కోడలు మెడ సాచి, ఆమె చేతుల వైపు అనుమానంగా చూసింది. ఏదో అడగబోయింది.

అత్తగారు తలెత్తకుండానే చెయ్యి చాచి, ఇత్తడి తొడుగున్న వేలితో అద్దం మీద టకటకా కొట్టింది.

కోడలు దిండు మీదికి వాలి, కళ్ళు మూసుకుంది. కాసేపటికి అద్దం వెనకనుంచి బొంగురు గొంతుతో, శ్రుతి తప్పుతూ, పొద్దుటి పాట సన్నగా మొదలైంది. సూది బట్టకు గుచ్చి, అత్తగారు ఒక చెయ్యి పొట్ట కుడివైపు ఆనించుకుంది.

"పాటయ్యేదాకా ఆకలనకు," అంది లోపలి కోడలితో.